అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?

పిల్లలూ,

మా అమ్మాయి పురిటికని అమెరికా వెళ్లి ఆరు నెలలుండి వచ్చాను కదా, అపార్ట్‌మెంట్లో కనబడ్డ ప్రతివాళ్లూ ఇదే అడుగుతున్నారు: "అమ్మమ్మా, అక్కడ బాగుందా, ఇక్కడ బాగుందా?" లిఫ్ట్ వచ్చేలోగా చెప్పే జవాబు కాదది. అందుకే కాగితం తీశాను.

ముందు, అక్కడి జీతాన్ని రూపాయల్లోకి మార్చి నోరెళ్లబెట్టడం మానండి. డాలర్లలో సంపాదించేవాళ్లు ఖర్చూ డాలర్లలోనే పెడతారు. మా అల్లుడి ఒక్క క్షవరం డబ్బుతో ఇక్కడ తాతయ్య చాలా నెలలు గడిపేస్తారు. (ఆయన తలమీద ఎంతుందో మీకూ తెలుసు, ఆ మాట వేరు.) అందుకే ఆర్థికవేత్తలు అదే సరుకు ఎక్కడ ఎంతకు దొరుకుతుందో చూసి, కొనుగోలు శక్తిని బట్టి ఆదాయాలు పోలుస్తారు.

డబ్బొక్కటే చాలదని మహబూబ్ ఉల్ హక్ అనే పాకిస్తానీ ఆర్థికవేత్త పట్టుబట్టాడు. మన అమర్త్యసేన్ ఆయనకు స్నేహితుడు, ఆ పనిలో తోడు. అలా 1990లో మానవాభివృద్ధి సూచిక వచ్చింది. ఆయుష్షు, చదువు, ఆదాయం మూడూ కలిపి చూస్తారు. 2025 నివేదికలో 193 దేశాలకు మనది 130వ స్థానం. మన సగటు ఆయుష్షు దాదాపు 72 ఏళ్లు, అమెరికా వాళ్లది 79కి దగ్గర. ఏడేళ్లంటే తక్కువేం కాదర్రా, ఓ మనవరాలి పెళ్లి చూసి వెళ్లొచ్చు.

ఆ సూచికకు అందనివీ ఉన్నాయి. పన్నెండు వారాలకే మా అమ్మాయి ఆఫీసుకు బయల్దేరింది. బిడ్డ ఇంకా మెడ నిలబెట్టలేదు. అంత గొప్ప దేశంలో 1993 నాటి కేంద్ర చట్టం ఇచ్చేది ఆ పన్నెండు వారాలే, అదీ జీతం లేకుండా. మన చట్టం 2017 నుంచి మొదటి ఇద్దరు బిడ్డలకూ 26 వారాలు జీతంతో ఇస్తోంది. గొప్పగా చెప్పబోయి నాలిక్కరుచుకున్నాను. మన వీధిలోకి తట్ట ఎత్తుకుని చేపలు తెచ్చే అమ్మాయికి ఏ ఆఫీసు సెలవిస్తుంది? కాన్పయి నెల తిరక్కుండానే వచ్చింది పాపం.

ఇంకోటి. అక్కడ మా అమ్మాయి ఇంటి నుంచి కూరల కొట్టు మూడు మైళ్లు. నడుద్దామంటే ఫుట్‌పాత్ లేదు, నాకు కారు రాదు. ఆరు నెలలూ అల్లుడి సెలవు రోజు కోసం కిటికీ దగ్గర కూచున్నాను. ఇక్కడ మన విశాఖలో అయితే తెల్లారగానే ఎంవీపీ కాలనీ రైతుబజారుకు పోయి, బెండకాయ కొస విరిచి లేతదో ముదురుదో చూసుకుని, ఆటోలో వచ్చేస్తాను. ఎవరినీ అడగక్కర్లేదు.

కానీ అక్కడ కుళాయి నీళ్లు అలాగే తాగేశాం. పొద్దున్న తుడిచిన బాల్కనీ సాయంత్రానికి నల్లబడలేదు. బడి బస్సు ఎర్రలైట్లు వేసి ఆగితే, డివైడర్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే కార్లు కూడా ఆగిపోయాయి, ఒక్క పిల్లాడు దిగడానికి! మొదటిరోజు నమ్మలేక మళ్లీ మర్నాడూ వెళ్లి చూశాను. మీరు బీచ్ రోడ్డు దాటుతుంటే నా ప్రాణం నా చేతిలో ఉండదు మరి.

అమ్మాయి మళ్లీ రమ్మంటోంది. వస్తానన్నాను. ఈసారి మాత్రం నడిచివెళ్లే దూరంలో కూరల కొట్టున్న ఇల్లు చూడమన్నాను. వెతుకుతోందట.

మీ
మూడో అంతస్తు అమ్మమ్మ