ముక్క పరీక్షలో 'బారెట్' అని వస్తే: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో పాథాలజిస్టుగా నా పొద్దంతా మైక్రోస్కోపు ముందే గడుస్తుంది. అయినా రిపోర్టు పట్టుకుని ల్యాబు గుమ్మం దాకా వచ్చేవాళ్లుంటారు. "మేడమ్, క్యాన్సరేనా?" అన్నదే వాళ్ల మొదటి ప్రశ్న.

అపోహ: బారెట్ అంటే క్యాన్సరే.

కాదు. అన్నవాహిక లోపలి పొర నోటి లోపలి పొరలాంటిదే. కడుపులోని ఆమ్లం ఏళ్ల తరబడి పైకి తన్నుతూ ఉంటే ఆ పొర దెబ్బతిని, దాని చోట పేగుల్లో ఉండే తరహా కణాలు వస్తాయి. ఈ మార్పే బారెట్. జిగురు నింపుకున్న చెంబుల్లాంటి గోబ్లెట్ కణాలు కనిపిస్తే నాకు అనుమానం తీరినట్టే. 1950లో దీని గురించి రాసిన బ్రిటిష్ సర్జన్ నార్మన్ బారెట్ అది పైకి జరిగిన కడుపేనని వాదించారు. 1957లో మాట మార్చుకున్నారు. పేరు మాత్రం ఆయనదే మిగిలింది.

రిపోర్టులో చూడవలసిన మాట 'డిస్‌ప్లేసియా', అంటే కణాలు క్యాన్సర్ దిశగా మారడం మొదలవడం. అది లేనివారిలో క్యాన్సర్ వచ్చేది ఏడాదికి వెయ్యి మందిలో సుమారు ఒకరి నుంచి ఐదుగురికి. తీవ్రస్థాయిలో ఉంటే నూటికి ఆరేడుగురికి. అప్పుడు కూడా చాలామందికి ఎండోస్కోపీతోనే ఆ పొరను కోసి తీయవచ్చు, రేడియో తరంగాల వేడితో మాడ్చవచ్చు. స్వల్పస్థాయి అని రాస్తే మాత్రం ఇంకో పాథాలజిస్టుకు స్లైడ్లు చూపించమనండి, నేనేమీ నొచ్చుకోను. వాపు ఉన్నచోట మంచి కణాలు కూడా దొంగల్లా కనిపిస్తాయి.

అపోహ: ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుంది.

పాకదు. తీసేది బియ్యపు గింజంత కూడా ఉండదు. మార్పు అక్కడక్కడా దాగి ఉంటుంది కనుక ప్రతి 2 సెంటీమీటర్లకు నాలుగు వైపులా తీస్తారు.

అపోహ: మాత్రతో మంట తగ్గింది, ఇక పరీక్షలు ఎందుకు?

మాత్ర ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మారిన పొర సాధారణంగా అలాగే ఉంటుంది. డిస్‌ప్లేసియా లేకపోయినా, పొర పొడవును బట్టి మూడు నుంచి ఐదేళ్లకొకసారి ఎండోస్కోపీ చేయించుకోవాలి.

అపోహ: అంతా మన చిత్తూరు కారం వల్లే.

కారం మంటను పెంచవచ్చు, అంతే. బారెట్‌కు దారితీసేవి ఏళ్లనాటి పులితేన్పులు, పొట్ట చుట్టూ కొవ్వు, పొగతాగడం. యాభై దాటిన మగవారిలో ఎక్కువ. మన దేశంలో ఎక్కువగా కనిపించే అన్నవాహిక క్యాన్సర్‌కు బారెట్‌తో సంబంధమే లేదు. అది అన్నవాహిక సొంత పొరలోని పొలుసుల కణాల నుంచి పుడుతుంది. పొగాకు, సారాయి దానికి ఎరువు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాల మీదా అనుమానం ఉంది.

ఈ క్యాన్సర్ పెరిగేకొద్దీ మొదట సంగటి ముద్ద దిగదు, తర్వాత మెత్తన్నం, ఆఖరికి నీళ్లు. నీళ్ల దాకా ఆగి వచ్చినవారి ముక్కల్లో నేను వెతికేది బారెట్‌ను కాదు.