ఆవిరి రైలు ఫోటోలో ఆవిరి కనపడదు

"మా మేడ మీద నుంచుని, ఎదురుగా పోయే ఆవిరి రైలును ఫోటో తీస్తుంటాను. చలికాలం పొద్దున తీస్తే ఇంజన్ వెనక పెద్ద తెల్లటి మేఘం. ఎండాకాలం మధ్యాహ్నం తీస్తే దాదాపు ఏమీ లేదు. తప్పు కెమెరాదా?" అని ఒక పాఠకుడు అడిగారు.

కెమెరా తప్పేం లేదు. ఆవిరికి అసలు రంగే లేదు. ఆవిరి చల్లబడి మళ్లీ నీరైతే పుట్టే సన్నటి బిందువులే మనకు తెల్లగా కనిపిస్తాయి. నీళ్లు మరిగే కెటిల్‌ను చూడండి: మూతికీ తెల్లటి తెరకీ మధ్య కొంచెం ఖాళీ ఉంటుంది. అసలు ఆవిరి ఉన్నది ఆ ఖాళీలోనే. (అక్కడ వేలు పెట్టకండి, బాగా కాలుతుంది.) పాఠాల్లో ఆవిరి అంటూ తెల్లటి మెలికలు గీసే ముందు పిల్లలకు ఈ ఖాళీని చూపించాలని నా కోరిక.

మరి చలికాలంలోనే అంత మేఘం ఎందుకు? 0 డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలిలో సుమారు 5 గ్రాముల ఆవిరే ఉండగలదు. 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాములు. నిండుగా ఆవిరి ఉన్న ఈ రెండు గాలుల్నీ సమపాళ్లలో కలిపామనుకోండి. ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు వస్తుంది, ఆవిరి సగటున 17.5 గ్రాములు అవుతుంది. కానీ 15 డిగ్రీల దగ్గర ఉండగలిగింది 13 గ్రాములే! మిగతా నాలుగున్నర గ్రాములు బిందువులై బయటపడాల్సిందే. (అప్పుడు వెలువడే వేడి వల్ల ఈ లెక్క కొంత తగ్గుతుంది.) కీలకం ఇక్కడే ఉంది: వేడి పెరిగేకొద్దీ గాలిలో పట్టే ఆవిరి ఒకే లెక్కన పెరగదు, అంతకంతకూ ఎక్కువగా పెరుగుతుంది. అందుకే విడివిడిగా తేటగా ఉన్న రెండు గాలులు కలిసినా మేఘం పుట్టొచ్చు. ఇంజన్ పొగగొట్టం పైన జరిగేది ఇదే. తర్వాత ఇంకా గాలి వచ్చి కలుస్తుంది. అది పొడిగాలైతే బిందువులు మళ్లీ ఆవిరై మాయమవుతాయి. తేమగాలైతే మేఘం పెట్టెల మీదుగా చాలా దూరం సాగుతుంది. 35 డిగ్రీల గాలిలో దాదాపు 40 గ్రాములు పడతాయి, కాబట్టి మండుటెండలో ఆ మేఘానికి నిలిచే వీల్లేదు.

వాతావరణం ఒక్కటే కాదు, డ్రైవర్ చెయ్యి కూడా ముఖ్యం. సిలిండర్లలో పని ముగించిన ఆవిరే పొగగొట్టంలోంచి ఎగజిమ్ముతుంది. రెండు సిలిండర్ల ఇంజన్‌లో చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు "ఛుక్"లు. పల్లంలో డ్రైవర్ రెగ్యులేటర్ (సిలిండర్లలోకి ఆవిరిని వదిలే మీట) మూసేస్తే ఆ జిమ్ముడు ఆగిపోతుంది. మీ ఇంటి ఎదుట పట్టాలు ఎత్తుకు ఎక్కుతుంటే అదృష్టమే.

సూర్యుడు రైలు వెనక ఉన్నాడని దిగులు పడకండి. ఈ బిందువులు తమ మీద పడ్డ కాంతిని ఎక్కువగా ముందు వైపుకే చెదరగొడతాయి, కాబట్టి ఎదురెండలో మేఘం అంచులు వెలిగిపోతాయి. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే కాంతి మోతాదు) మాత్రం ఆ తెలుపుకే సెట్ చేయండి. ఫ్రేమ్ నిండా నల్లటి ఇంజన్ ఉంటే కెమెరా చీకటనుకుని కాంతి పెంచేస్తుంది. నలుపులో దాగిన వివరాలను రా ఫైల్ (కెమెరా మార్చకుండా దాచిన అసలు ఫోటో సమాచారం) లోంచి తర్వాతైనా లాగొచ్చు, పూర్తిగా తెల్లబారిన మేఘంలో లాగడానికి ఏమీ మిగలదు.