హోమ్ థియేటర్ పీసీ నిద్ర తిప్పలు: అపోహలు, వాస్తవాలు

టీవీ కింద పెట్టుకున్న పీసీ ఒకచోట పడుకోనంటుంది, ఇంకోచోట పడుకుంటే లేవనంటుంది, మరోచోట ఎవరూ పిలవకుండానే అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది. విజయవాడ, గుంటూరు ఇళ్లలో హోమ్ థియేటర్ పీసీలు బిగించడం, బాగుచేయడం నా పని కాబట్టి ఇవి రోజూ వినేవే. ఫోన్ నా దాకా వచ్చేసరికి సగం వైద్యం అయిపోయి ఉంటుంది. ఒకరు చెప్పారని విండోస్ ఫార్మాట్ కొట్టించేస్తారు, ఇంకొకరు చెప్పారని ఎస్ఎంపీఎస్ (పీసీకి కరెంటిచ్చే డబ్బా) మార్పించేస్తారు. తనను ఎవరు లేపారో, ఎవరు పడుకోనివ్వడం లేదో ఆ పీసీనే రాసి పెట్టుకుంటుందని మాత్రం ఎవరూ చెప్పరు. అందుకే ఎక్కువగా వినే మాటలు కొన్ని తీసుకుని రాస్తున్నా.

అపోహ: "రాత్రిపూట దానంతటదే ఆన్ అవుతోందండీ, వైరస్సే."

దాదాపు ఎప్పుడూ వైరస్ కాదు. నిద్రలో (స్లీప్‌లో) ఉన్న పీసీని మామూలుగా లేపేవి మౌసో రిమోట్ రిసీవరో లాంటి యూఎస్‌బీ పరికరం, నెట్‌వర్క్ కార్డు, వేక్ టైమర్ (ఫలానా వేళకి లేపమని పెట్టిన అలారం లాంటిది), పవర్ బటన్. ఏది లేపిందో ఊహించక్కర్లేదు, అడిగితే చెబుతుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి లాస్ట్‌వేక్ అని కొట్టండి (ఇంగ్లిష్ అక్షరాల్లోనే లెండి). చివరిసారి లేపిందెవరో చూపిస్తుంది. అక్కడ ఏమీ దొరక్కపోతే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి పవర్-ట్రబుల్‌షూటర్ పేరుతో, 1 నంబరుతో ఉన్న ఎంట్రీ చూడండి. ఎన్నింటికి పడుకుంది, ఎన్నింటికి లేచింది, ఎవరు లేపారు, మూడూ ఒకేచోట ఉంటాయి.

పటమటలో ఒకరింట్లో తెల్లవారుజామున మూడింటికి ఫ్యాన్ చప్పుడుకి పెద్దావిడ లేచి కూర్చుంటున్నారు, "బాబూ, ఈ డబ్బా తీసేయండి" అంటున్నారు. లాగ్‌లో వేక్ సోర్స్ అని నెట్‌వర్క్ కార్డు పేరు ఉంది. ఆ కార్డు మ్యాజిక్ ప్యాకెట్‌కే (లేవమని ప్రత్యేకంగా పంపే నెట్‌వర్క్ సందేశం) కాకుండా, నెట్‌వర్క్‌లో తన కోసం వచ్చే మామూలు పలకరింపులకు కూడా లేచేలా సెట్ అయి ఉంది. పక్క గదిలో స్మార్ట్ టీవీ ఎప్పుడు పలకరిస్తే అప్పుడు ఇది లేస్తోంది. డివైస్ మేనేజర్‌లో ఆ కార్డు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "మ్యాజిక్ ప్యాకెట్ వస్తేనే లేపాలి" అనే గడికి టిక్ పెట్టాను. పైసా ఖర్చు లేకుండా అయిపోయింది.

మౌస్ అయితే ఇంకా తేలిక. ఆప్టికల్ మౌస్‌ని ఎయిర్ కూలర్ పక్కన బల్ల మీద పెడితే ఆ వణుకు చాలు లేవడానికి. మౌస్‌కి లేపే హక్కు తీసేయండి, కీబోర్డుకీ రిమోట్‌కీ ఉంచండి. వేక్ టైమర్లయితే ఎక్కువగా విండోస్ అప్‌డేట్ల కోసం పెట్టుకున్నవే. పవర్ ఆప్షన్స్‌లో స్లీప్ కింద "అలౌ వేక్ టైమర్స్" ఆపేస్తే సరి. అయితే ట్యూనర్ కార్డుతో టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకునేవాళ్లు ఆపకండి. రికార్డింగ్ వేళకి పీసీని లేపేది కూడా ఆ టైమరే.

ఇంకొకటుంది, మన దగ్గర ఎండాకాలంలో ఇదే ఎక్కువ. రాత్రి కరెంటు పోయి రాగానే పీసీ ఆన్ అవుతుంది. అది నిద్రలోంచి లేవడం కాదు, బయాస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) "కరెంటు వస్తే ఏం చేయాలి" అన్న సెట్టింగ్ పవర్ ఆన్ అనో, లాస్ట్ స్టేట్ అనో ఉండటం. ఆ సెట్టింగ్‌ని పవర్ ఆఫ్ అని మారిస్తే ఆగిపోతుంది.

అపోహ: "నిద్రలో పెడితే కరెంటు బిల్లు పేలిపోతుంది, అందుకే బోర్డు దగ్గరే స్విచ్ కట్టేస్తాం."

నిద్రలో ర్యామ్‌కీ, లేపడానికి కావాల్సిన కొన్ని భాగాలకీ తప్ప దేనికీ కరెంటు అందదు. మామూలు డెస్క్‌టాప్ ఈ స్థితిలో ఐదు వాట్ల లోపే లాగుతుంది. ఐదే అనుకుని నెలంతా ఇరవై నాలుగ్గంటలూ నిద్రలోనే ఉంచినా 3.6 యూనిట్లు. మీ సెట్‌టాప్ బాక్స్ స్టాండ్‌బైలో ఎంత లాగుతోందో ఓసారి చూసి అప్పుడు మాట్లాడండి.

అసలు ఇబ్బంది ఆ గోడ స్విచ్చే. పడుకునే ముందు హాల్లో స్విచ్‌లన్నీ కట్టేయడం మన ఇళ్లలో అలవాటు, ఎవరినీ తప్పు పట్టలేం. కానీ నిద్రలో ఉన్న పీసీకి ప్లగ్ దగ్గర కరెంటు తీసేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది. పొద్దున ఆన్ చేస్తే కొత్తగా బూట్ అవుతుంది, ఈవెంట్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అని (సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని) పడుతుంది, ఇంట్లోవాళ్లేమో "నిద్రలోంచి లేవలేక చచ్చిపోయింది" అంటారు. హైబ్రిడ్ స్లీప్ పెట్టుకుంటే ర్యామ్‌లో ఉన్నది డిస్కులో కూడా రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా ఆపినచోటి నుంచే మొదలవుతుంది. స్విచ్ కట్టక తప్పదనుకుంటే హైబర్నేట్ వాడండి, అంతా డిస్కులో రాసుకుని పీసీ పూర్తిగా ఆగిపోతుంది కాబట్టి దానికి కరెంటే అక్కర్లేదు. కాకపోతే పొద్దున ఎవరో ఒకరు లేచి వెళ్లి బటన్ నొక్కాలి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లకి ఓ మాట. వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులోనే ఉంచండి. రెండో మోడ్‌లో బ్యాటరీ మీదకి మారడానికి పట్టే ఆలస్యాన్ని పాత ఎస్ఎంపీఎస్‌లు తట్టుకోలేవు.

అపోహ: "రిమోట్‌తో లేవట్లేదు, రిమోట్ పాడైంది."

లేచాక రిమోట్ పనిచేస్తోందా? చేస్తుంటే అది బానే ఉంది. నిద్రలో ఆ యూఎస్‌బీ పోర్టుకి కరెంటు అందడం లేదు, లేదా రిసీవర్‌కి లేపే అనుమతి లేదు. పోర్టు మార్చి చూడండి, హబ్ మధ్యలో పెట్టకండి. పూర్తిగా షట్‌డౌన్ చేసిన పీసీని రిమోట్‌తో లేపాలనుకుంటే బయాస్‌లో ఈఆర్‌పీ సెట్టింగ్ చూడండి. 2013 నుంచి యూరప్‌లో ఆపేసి ఉన్న పరికరం అర వాట్‌కి మించి వాడకూడదన్న నియమం ఉంది, దానికోసం పెట్టిందే ఇది. ఇది ఆన్‌లో ఉంటే ఆపిన తర్వాత యూఎస్‌బీకి కరెంటు ఉండదు, మీరు రిమోట్ బటన్ అరిగేదాకా నొక్కినా అంతే.

టీవీ రిమోట్‌తోనే పీసీ కూడా లేవాలని చాలామంది అడుగుతారు. హెచ్‌డీఎంఐలో సీఈసీ (ఒకే రిమోట్‌తో కలిపిన పరికరాలన్నీ నడిపే సదుపాయం) ఉంది కదా అంటారు. టీవీకి ఉంది, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కి ఉంది, పీసీ గ్రాఫిక్స్ కార్డుల్లో చాలావాటికి లేదు. విడిగా అడాప్టర్ కొనాలి.

ఫోన్ యాప్‌తో లేపితే రెండు నిమిషాల్లో మళ్లీ పడుకుంటోందా? అదీ రోగం కాదు. నెట్‌వర్క్ వల్లో టైమర్ వల్లో లేస్తే ఎదురుగా మనిషి లేడనుకుని విండోస్ రెండు నిమిషాలే చూస్తుంది. ఈలోపు కీబోర్డు మీద ఒక్క కీ నొక్కితే చాలు.

అపోహ: "పది నిమిషాలకి స్లీప్ పెట్టాం, అయినా పడుకోదు. విండోస్ పాడైంది, ఫార్మాట్ కొట్టాలి."

ఆగండి. పైన చెప్పిన పవర్‌సీఎఫ్‌జీ కమాండ్‌లోనే లాస్ట్‌వేక్ బదులు రిక్వెస్ట్స్ అని కొట్టండి, పడుకోనివ్వని వాళ్ల జాబితా వస్తుంది. బ్రాడీపేటలో ఒకరింట్లో ఇలా కొడితే ఎస్ఆర్‌వీనెట్ అని, అంటే ఫోల్డర్లు పంచుకునే విండోస్ భాగం పేరు, కనిపించింది. లోపలి గదిలో పిల్లలు పీసీలోని సినిమాల ఫోల్డర్‌ని టీవీలో తెరిచి అలాగే వదిలేశారు. అవతల ఫోల్డర్ వాడుకలో ఉంటే ఇది ఎలా పడుకుంటుంది? ఆడియో స్ట్రీమ్ వాడుకలో ఉందని వస్తే, తెరిచి ఉంచిన బ్రౌజర్ ట్యాబో, ఊడదీయని యూఎస్‌బీ మైకో చూడండి.

అపోహ: "లేస్తుంది కానీ టీవీలో బొమ్మ రాదు, గ్రాఫిక్స్ కార్డు పోయింది."

ముందు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగు కీలు కలిపి నొక్కండి, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది. బొమ్మ వచ్చిందంటే కార్డు బతికే ఉంది. లేచే క్షణంలో పీసీ అవతల ఏ తెర ఉందో హెచ్‌డీఎంఐలో అడుగుతుంది. మధ్యలో ఆంప్లిఫయర్ ఆఫ్‌లో ఉంటే జవాబు రాదు, దాంతో బొమ్మ పోవడమో, శబ్దం ఇంకో స్పీకర్‌కి మారిపోవడమో జరుగుతుంది. టీవీ, ఆంప్లిఫయర్ ముందు వేసి ఆఖరున పీసీని లేపండి. పిల్లలతో అది జరిగే పని కాదనుకుంటే, తెర ఉన్నట్టు పీసీని నమ్మించే ఈడీఐడీ ఎమ్యులేటర్ అని చిన్న ముక్క దొరుకుతుంది.

ఇవన్నీ చూశాక కూడా, పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే బాగుండి నిద్రలోంచి లేచేటప్పుడు మాత్రమే బిగుసుకుపోతుంటే, అప్పుడు హార్డ్‌వేర్ వైపు వెళ్లండి. బయాస్‌లో ర్యామ్ ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) ఆపి ఒకట్రెండు రోజులు వాడి చూడండి, తర్వాత బయాస్ అప్‌డేట్ చేయండి. నిద్రలో కరెంటిచ్చే ఐదు వోల్టుల స్టాండ్‌బై లైన్ బలహీనపడిందేమో అని ఎస్ఎంపీఎస్‌ని అనుమానించడం దాని తర్వాతే. కొనకుండా, తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడండి.