ముల్లు 837 మీద, ఊపు 1292 దగ్గర

అమలాపురంలోనో రాజోలులోనో పాత ట్రాన్సిస్టర్ రేడియోలో విజయవాడ కేంద్రం పట్టాలంటే మీడియం వేవ్‌లో ముల్లును 837 కిలోహెర్ట్జ్ దగ్గరికి తిప్పాలి. అప్పుడు సెట్టు లోపలి ఆసిలేటర్ (సొంతంగా తరంగాన్ని పుట్టించే సర్క్యూట్) మాత్రం 1292 దగ్గర ఊగుతుంటుంది. తేడా 455. చాలా సెట్లలో ఏ స్టేషన్ పెట్టినా ఇదే తేడా. రెండు తరంగాలనూ కలిపితే వచ్చే ఆ 455నే సెట్టు వడకట్టి, పెంచి, మాటగా పాటగా మారుస్తుంది.

తేడా ఉంటే చాలు కదా, ఆసిలేటర్‌ను స్టేషన్ కంటే కిందే ఊపితే ఏం? ఇక్కడే లెక్క అడ్డం తిరుగుతుంది. ఊపు వేగాన్ని, అంటే ఫ్రీక్వెన్సీని, ఒక కాయిల్ (తీగచుట్ట), ఒక కండెన్సర్ కలిసి తేలుస్తాయి. కాయిల్ అయస్కాంత గుణమైన ఇండక్టెన్స్‌ను, కండెన్సర్ విద్యుత్తు పట్టే గుణమైన కెపాసిటెన్స్‌తో గుణించి వర్గమూలం తీస్తే, ఫ్రీక్వెన్సీ దానికి విలోమంగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ రెట్టింపు కావాలంటే కెపాసిటెన్స్ నాలుగో వంతుకు తగ్గాలి. మీడియం వేవ్ 531 నుంచి 1602 దాకా. కింద ఊపితే ఆసిలేటర్ 76 నుంచి 1147కి, అంటే 15 రెట్లు ఎగబాకాలి. అందుకు ముల్లుతో పాటు తిరిగే గ్యాంగ్ కండెన్సర్ కెపాసిటెన్స్ 225 రెట్లకు పైగా మారాలి. అలాంటి గ్యాంగ్ బజార్లో దొరకదు. పైన ఊపితే 986 నుంచి 2057 చాలు, కెపాసిటెన్స్ నాలుగున్నర రెట్లలోపే మారుతుంది.

ఇంకో చిక్కు. అదే ఇరుసు మీద తిరుగుతూ స్టేషన్‌ను ఎంచే ఏరియల్ వైపు గ్యాంగుకు, 531 నుంచి 1602 దాకా పోవాలంటే, తొమ్మిది రెట్ల మార్పు కావాలి. అందుకే ఆసిలేటర్ వైపు రేకులు చిన్నవి చేస్తారు, లేదా దాని మార్పును తగ్గించడానికి వరసలో (సిరీస్‌లో) ప్యాడర్ అనే ఇంకో కండెన్సర్ పెడతారు.

వర్గమూలం మనకు కాస్త మేలూ చేస్తుంది. వానాకాలం చెమ్మ పట్టి కెపాసిటెన్స్ ఒక శాతం పెరిగితే ఫ్రీక్వెన్సీ అర శాతమే తగ్గుతుంది. కానీ 1292లో అర శాతమంటే ఆరున్నర కిలోహెర్ట్జ్. ముల్లు 837 మీదే ఉన్నా సెట్టు 830న్నర దగ్గర వింటుంది. స్టేషన్ల మధ్య ఎడమే 9 కిలోహెర్ట్జ్ కాబట్టి వార్తలు గరగరలాడతాయి.

మెకానిక్ దీన్ని రెండు చోట్ల సరిచేస్తాడు. డయల్ పై కొసలో, అంటే 1602 వైపు, గ్యాంగు కెపాసిటెన్స్ చాలా తక్కువ. అక్కడ గ్యాంగుకు జతగా ఉండే ట్రిమ్మర్ అనే చిన్న కండెన్సర్‌ను కాస్త తిప్పినా స్టేషన్ కదులుతుంది. కింది కొసలో గ్యాంగు నిండుగా ఉంటుంది, ట్రిమ్మర్ ప్రభావం అంతగా ఉండదు, కాయిల్ లోపల మరలా ఉండే కోర్ తిప్పాలి. ఒకటి దిద్దితే రెండోది కాస్త చెదురుతుంది కాబట్టి మళ్లీ మళ్లీ సరిచూస్తాడు. ఇనుప స్క్రూడ్రైవర్ వాడితే మాత్రం ఆ ఇనుమే కాయిల్ ఇండక్టెన్స్‌ను మార్చేస్తుంది, బయటికి తీయగానే స్టేషన్ జారిపోతుంది. ప్లాస్టిక్ కొన వాడాలి, లేదంటే చెక్కిన వెదురు పుల్ల.