పేరు లేని ఎముకలు: మన అనాటమీ హాళ్ల వెనకున్న కథ

జిల్లా పేజీలో ఓ మూలన వచ్చే ఆ చిన్న వార్త మనందరం చదివే ఉంటాం. కాలువ గట్టునో, రైలు పట్టాల పక్కనో, పాడుబడ్డ బావిలోనో గుర్తు తెలియని అస్థిపంజరం దొరికిందని ఉంటుంది. పురుషుడు, వయసు 35 నుంచి 45 మధ్య, ఎత్తు సుమారు అయిదడుగుల నాలుగంగుళాలు, ఆచూకీ తెలిసినవారు ఫలానా స్టేషన్‌కు తెలపగలరు. ఇంట్లోంచి వెళ్లి తిరిగిరాని మనిషి కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తున్న కుటుంబం ఆ రెండు మూడు అంకెల్ని పట్టుకునే మార్చురీకి బయల్దేరుతుంది. ‘మావాడు ఇంకా పొడుగు కదా’ అనుకుని ఆగిపోయే కుటుంబాలూ ఉంటాయి. అందుకే ఆ అంకెలు ఎక్కడి నుంచి వస్తున్నాయో తెలుసుకోవాలి.

శవం దొరికితే టేపు పెట్టి కొలవొచ్చు. ఎముకలే మిగిలినప్పుడు అది కుదరదు. పోలీసులు పంచనామా రాసి, మూట కట్టి ప్రభుత్వాసుపత్రి ఫోరెన్సిక్ విభాగానికి పంపుతారు. ఒకప్పుడు ఇది నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలోని 174వ సెక్షన్ కింద జరిగేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లోని 194వ సెక్షన్ కింద జరుగుతోంది. అక్కడి డాక్టరు ముందుగా అడిగే ప్రశ్నలు చాలా మామూలువి. ఇవి మనిషి ఎముకలేనా? ఒకరివేనా, ఇద్దరివి కలిశాయా? ఆడా, మగా? వయసెంత? ఎత్తెంత? చనిపోయి ఎన్నాళ్లయింది?

ఆడా మగా తేల్చడంలో కటి ఎముక మాటకే ఎక్కువ విలువ. కాన్పుకు వీలుగా ఆడవాళ్లలో అది వెడల్పుగా ఉంటుంది. ఇరవైల్లో ఉన్నవాళ్ల వయసు చెప్పడానికి కాలర్ ఎముక పనికొస్తుంది, ఎందుకంటే దాని లోపలి కొస అన్నిటికన్నా ఆలస్యంగా, ముప్పయ్యేళ్లు దగ్గర పడుతుండగా అతుక్కుంటుంది. ముప్పై దాటాక మాత్రం పని కష్టమవుతుంది. పుర్రె అతుకుల్ని చూసి చెప్పే వయసు పదేళ్లు అటూ ఇటూ పోవచ్చు.

ఎత్తు సంగతి కాస్త వివరంగా చూద్దాం. తొడ ఎముక పొడవును బట్టి మనిషి ఎత్తు లెక్కగట్టే సూత్రాల్లో ప్రపంచమంతా ఎక్కువగా వాడినవి 1952లో అమెరికాలో మిల్డ్రెడ్ ట్రాటర్, గోల్డిన్ గ్లెసర్ ప్రచురించినవి. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల ఎముకలే వాటికి ప్రధాన ఆధారం. సైన్యంలో చేరినప్పుడు కొలిచిన ఎత్తు కాగితం మీద ఉంది, చనిపోయాక ఎముకలు చేతికొచ్చాయి. రెండూ పక్కపక్కన పెట్టి లెక్క తీశారు. తెల్లజాతి మగవారికైతే తొడ ఎముక పొడవును 2.38తో గుణించి 61.41 కలపాలి. నల్లజాతి మగవారికైతే 2.11తో గుణించి 70.35 కలపాలి. లెక్క అంతా సెంటీమీటర్లలోనే.

ఇప్పుడు కృష్ణా కాలువలో 43 సెంటీమీటర్ల తొడ ఎముక దొరికిందనుకోండి. మొదటి సూత్రం ప్రకారం మనిషి ఎత్తు దాదాపు 164 సెంటీమీటర్లు. రెండో దాని ప్రకారం 161. రెండింటికీ వాళ్లే చెప్పిన తేడాలు ఉన్నాయి, మొదటిదానికి 3.27, రెండోదానికి 3.94 సెంటీమీటర్లు అటూ ఇటూ. అన్నీ కలుపుకుంటే ఆ మనిషి 157 నుంచి 167 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అంటే నాలుగంగుళాల తేడా. చనిపోయినవాడు ఈ రెండింట్లో ఏ జాతివాడూ కాదు, తెనాలివాడో నందిగామవాడో అయి ఉండొచ్చు. తిండి, ఎండ, పని, వంశం అన్నీ వేరైనవాళ్లకు ఈ సూత్రాలు వాడటం ఒకరి కొలతలతో ఇంకొకరికి చొక్కా కుట్టడమే.

మనవాళ్లు ఈ సంగతి గుర్తించలేదని కాదు. 1924లోనే ఎన్. పాన్ బెంగాల్ ప్రాంతపు హిందువుల ఎముకల మీద ఇలాంటి లెక్క ప్రచురించారు. తర్వాత ఉత్తరాదిలో మరికొన్ని వచ్చాయి. మన మెడికల్ కాలేజీల్లో అనాటమీ (శరీర నిర్మాణ శాస్త్రం), ఫోరెన్సిక్ పీజీ విద్యార్థులు ఏటా తొడ ఎముకలు, త్రికాస్థులు (వెన్నెముక అడుగున ఉండే ముక్కోణపు ఎముకలు), పుర్రెలు కొలుస్తూనే ఉన్నారు. అయితే ఇలాంటి భారతీయ పరిశోధనల్లో చాలాసార్లు ఎదురయ్యే వాక్యం ఒకటుంది: ‘ఈ ఎముకల వయసు, లింగం తెలియవు.’ వయసు తెలియని ఎముక వయసు చెప్పే పద్ధతికి ఆధారం కాలేదు. ఎత్తు తెలియని ఎముకతో ఎత్తు సూత్రం పుట్టదు. కొందరు ముందు ఎముకను చూసి ఆడా మగా అని విడదీసి, తర్వాత ఆ రెండు గుంపుల మధ్య తేడాలు కొలుస్తారు. చూడగానే తేడా కనబడ్డ ఎముకల్నే విడదీశాం కాబట్టి కొలతలోనూ తేడా కనబడుతుంది. విద్యార్థుల శ్రమ నిజమే, దాన్ని తక్కువ చేయను. లోటల్లా వాళ్ల చేతికి అందిన ఎముకలది.

ఆ ఎముకలు ఎలా ఉంటాయో చూడాలంటే ఎంబీబీఎస్ మొదటి ఏడాది హాస్టల్ గదికి వెళ్లాలి. మంచం కింద ఓ పెట్టె, లోపల ‘బోన్ సెట్’. సీనియర్ దగ్గర కొన్నది. పూర్తి సెట్ ఖరీదు ఎక్కువ కాబట్టి చాలామంది హాఫ్ సెట్‌తో సరిపెట్టుకుంటారు. కండరం మొదలయ్యే చోట ఎర్ర రంగు, వచ్చి అతుక్కునే చోట నీలం రంగు. ఏళ్ల తరబడి చేతులు మారి కొసలు అరిగి, నున్నగా పసుపెక్కి ఉంటాయి. తొడ ఎముక ఒకరిది, దాని కిందకు పెట్టుకున్న కాలి ఎముక ఇంకొకరిది కావడం కూడా మామూలే. పెట్టె మూత మీద దాన్ని వాడిన విద్యార్థుల పేర్లు, బ్యాచ్‌ల ఏళ్లు వరసగా రాసి ఉంటాయి. ఎముక ఎవరిదో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఎందుకు లేదు అంటే దాదాపు రెండొందల ఏళ్లు వెనక్కి పోవాలి.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో వైద్య విద్య పెరిగింది, కోయడానికి శవాలు చాలలేదు. సమాధులు తవ్వి శవాలు అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. ఎడిన్‌బరోలో 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు ఇంకో అడుగు ముందుకేసి, మనుషుల్ని చంపి మరీ శవాలు అమ్మారు. హతుల లెక్క 16. దేశం అట్టుడికిపోయింది, 1832లో అనాటమీ చట్టం వచ్చింది. ఎవరూ వచ్చి అడగని శవాలను, అంటే చాలావరకు నిరుపేదల ఆశ్రయ గృహాల్లో పోయినవారిని, వైద్య పాఠశాలలకు ఇవ్వొచ్చని ఆ చట్టం చెప్పింది. హత్యలు ఆగాయి. కానీ డాక్టర్లు నేర్చుకునేది బీదవాడి శరీరం మీదే, అదీ అతణ్ని అడగకుండానే అన్నది స్థిరపడిపోయింది. మన రాష్ట్రాల అనాటమీ చట్టాలన్నిటికీ తల్లివేరు అదే. 1949 నాటి బొంబాయి చట్టం చూసినా వరస అదే: చెప్పిన గడువులోగా ఎవరూ రాకపోతే శవం కాలేజీకి వెళ్తుంది.

కలకత్తా మెడికల్ కాలేజీ 1835లో మొదలైంది. మరుసటి ఏడాది మధుసూదన్ గుప్తా అక్కడ శవాన్ని కోసి చూపించారు. శవాన్ని ముట్టుకుంటేనే మైల అనుకునే రోజుల్లో అది నిజంగా గుండెధైర్యం. కానీ అదే కలకత్తా చుట్టూ మరో వ్యాపారం కూడా పెరిగింది. గంగ ఒడ్డు శ్మశానాల్లో కాలని, పూర్తిగా కాలని, నీళ్లలో వదిలేసిన శవాల నుంచి ఎముకలు తీసి శుభ్రం చేసి విదేశాలకు పంపేవారు. శవాన్ని వలలో చుట్టి నీళ్లలో వదిలితే కండ అంతా పోతుంది. తర్వాత కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఆమ్లంతో తెల్లగా చేస్తారు. ఈ పని చేసినవాళ్లూ బీదలే, ఎముకలైనవాళ్లూ బీదలే. 1984లో మన దేశం నుంచి దాదాపు 60 వేల పుర్రెలు, అస్థిపంజరాలు ఎగుమతి అయ్యాయని అప్పట్లో అమెరికా పత్రిక ఒకటి రాసింది. పిల్లల అస్థిపంజరాల రవాణా మీద గగ్గోలు రేగడంతో 1985లో కేంద్రం ఎగుమతిని నిషేధించింది. అప్పటిదాకా అమెరికా, ఐరోపా తరగతి గదుల్లో వేలాడిన అస్థిపంజరాల్లో చాలావాటి పుట్టిల్లు బెంగాలే.

నిషేధం ఎగుమతికే. దేశం లోపల కాలేజీలకు ఎముకలు అందుతూనే వచ్చాయి. 2007లో కూడా బర్ధమాన్ జిల్లాలో ఎముకల గోదాము మీద పోలీసులు దాడి చేశారు. ఇలా వచ్చిన ఎముకకు పేరు ఉండకపోవడం పొరపాటున జరిగింది కాదు. అసలు పేరు చెరిపేయడం మీదే ఆ వ్యాపారం నడిచింది.

మన తీరానికి వస్తే విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో, గుంటూరు మెడికల్ కాలేజీ 1946లో, విజయవాడ సిద్ధార్థ 1980లో వచ్చాయి. ఆరోగ్య విశ్వవిద్యాలయం 1986లో బెజవాడలోనే వెలిసింది. తర్వాత ప్రైవేటు కాలేజీలు, సీట్లు పెరిగాయి. శవాలూ ఎముకలూ ఆ లెక్కన పెరగలేదు, వాటి స్థానంలో ప్లాస్టిక్ నమూనాలు వచ్చాయి. పేర్లు కంఠతా పట్టడానికి అవి చాలు. అయితే అన్నీ ఒకే అచ్చులో పోసినవి. మనిషికీ మనిషికీ ఎముక ఎలా మారుతుందో వాటిలో కనబడదు.

ఎముకలంటే మనకు ఇంకో లెక్క కూడా ఉంది. కృష్ణ ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు అది ఒకరు చెప్పాల్సిన పని లేదు. దహనం తర్వాత అస్థికలు ఏరి, కుండలో పెట్టి, నదిలో కలిపితేనే పోయినవారికి దారి దొరుకుతుందని నమ్మకం. 2016 పుష్కరాల్లో ఘాట్ల మీద పిండాలు పెట్టినవాళ్ల ముఖాలు చూస్తే ఆ నమ్మకం ఎంత గట్టిదో తెలుస్తుంది. పూడ్చిపెట్టే కులాలు, క్రైస్తవ, ముస్లిం కుటుంబాలకు సమాధి కదలకుండా ఉండటం అంతే ముఖ్యం. 1977 నవంబర్ 19 ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు దాదాపు పది వేలమంది పోయారు. గుర్తించే వ్యవధి లేక శవాలను గుట్టలుగా కాల్చాల్సి వచ్చింది. ఎవరికి ఎవరు ఏమయ్యారో తెలియక, ఏ రోజున తద్దినం పెట్టాలో అర్థంకాక మిగిలిపోయినవాళ్లు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. పేరు తెలియని శవం ఎంత బాధో ఈ జిల్లాలకు బాగా తెలుసు.

‘ఇప్పుడు డీఎన్‌ఏ ఉంది కదా’ అనొచ్చు. ఉంది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ బృందం 1980ల చివర్లోనే డీఎన్‌ఏ వేలిముద్రల పద్ధతిని ఇక్కడ స్థిరపరిచింది. కానీ పోల్చి చూడటానికి తల్లో, బిడ్డో ముందు దొరకాలి. వాళ్లను వెతకడానికి వయసు, ఎత్తు, లింగమే మొదటి ఆధారం. డీఎన్‌ఏ వివరాల జాతీయ భాండాగారం కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన బిల్లును 2023లో వెనక్కి తీసుకున్నారు.

బతికున్నవాళ్లకూ ఇది తగులుతుంది. నేరం చేసిన కుర్రాడికి పద్దెనిమిది నిండాయా అని తేల్చడానికి సర్టిఫికెట్లేవీ లేకపోతే, 2015 జువైనల్ జస్టిస్ చట్టం ప్రకారం చివరికి ఎముకల పరీక్షే గతి. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉంటుందని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులోనే చెప్పింది. ఆ రెండేళ్లలోనే ఒకరి జీవితం జువైనల్ హోమ్‌కో, జైలుకో తిరిగిపోవచ్చు.

దారి లేకపోలేదు. ఆసుపత్రుల్లో తీసే సీటీ స్కాన్లలో రోగి వయసు, లింగం రాసే ఉంటాయి కాబట్టి వాటితోనే ఎముకల కొలతలు తీసే పరిశోధన పెరుగుతోంది. ఎత్తు, బరువు కూడా రాస్తే ఇంకా ఉపయోగం. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది మాత్రం దేహదానం మీద. కమ్యూనిస్టు నేతలు జ్యోతిబసు 2010లో, మన తెలుగువాడు సీతారాం ఏచూరి 2024లో పోయినప్పుడు దేహాలను ఆసుపత్రులకు అప్పగించారు. హేతువాద, నాస్తిక ఉద్యమాలు బలంగా నడిచిన విజయవాడకు ఈ ఆలోచన కొత్త కాదు. ఇప్పుడు ఏ ఉద్యమంతోనూ సంబంధం లేని మామూలు కుటుంబాలు కూడా పెద్దవారి కోరిక మేరకు దేహం తెచ్చి ఇస్తున్నాయి. కాలేజీల్లో విద్యార్థులు దండ వేసి, ప్రమాణం చేసి మరీ పాఠం మొదలుపెడుతున్నారు.

అమెరికా అనుభవం ఇక్కడ పనికొస్తుంది. సెయింట్ లూయిస్‌లో అనాటమీ ప్రొఫెసర్ రాబర్ట్ టెర్రీ వెయ్యిన్నర పైచిలుకు అస్థిపంజరాలను పేరు, వయసు, మరణకారణంతో సహా దాచారు. అవి ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియం సంస్థలో ఉన్నాయి. పైన చెప్పిన ఎత్తు సూత్రాల ట్రాటర్ తన లెక్కల్లో కాలి ఎముకను చీలమండ దగ్గరి మొన వదిలేసి కొలిచారని 1990ల్లో పరిశోధకులు పట్టుకోగలిగింది ఆ ఎముకలు ఉండబట్టే. కానీ ఆ ఎముకల్లో చాలావి అడగకుండా తీసుకున్న బీదలవి, నల్లవారివి. దాని గురించి ఆ సంస్థే ఇప్పుడు సమాధానం చెప్పుకోవాల్సి వస్తోంది. వివరాలు రాసి పెట్టుకున్నా అనుమతి లేకపోతే అది కూడా అన్యాయమే.

కాబట్టి గుంటూరు, విజయవాడ కాలేజీలు దేహదానం ఫారంలో ఎముకల గురించి విడిగా అడగాలి. కోత పాఠం అయ్యాక అస్థికలు కుటుంబానికి తిరిగివ్వాలా, కాలేజీయే దహనమో ఖననమో చేయాలా, పరిశోధన కోసం ఉంచుకోవచ్చా, ఉంచుకుంటే ఎన్నేళ్లు? ఉంచుకోమన్నవారి ఎత్తు, వయసు, ఊరు, చేసిన పని, పెద్ద జబ్బులు వాళ్లు బతికుండగానే వాళ్ల నోటితోనే రాసుకోవాలి. ఎముక మీద నంబరు ఒక్కటే ఉండాలి, పేరు రిజిస్టర్‌లో తాళం వేసి ఉండాలి. కుటుంబం మనసు మార్చుకుంటే తిరిగి ఇచ్చేయాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు. అనాటమీ, ఫోరెన్సిక్ విభాగాలు, విశ్వవిద్యాలయ నైతిక సంఘం కలిసి కూర్చుంటే ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టొచ్చు.