పన్నెండు వోల్టులే కదా అనుకుంటే

సంక్రాంతి దాటి మిర్చి కోతలు మొదలైతే నాకు ఫోన్లు ఎక్కువవుతాయి. కల్లం దగ్గర రాత్రి కాపలా ఉండాలి, కరెంటు స్తంభమేమో దూరం. షెడ్డు మీద సోలార్ పెట్టుకుందామని అడుగుతారు. వైరు సంగతి ఎత్తగానే అందరిదీ ఒకటే మాట: "పన్నెండు వోల్టులే గదనే, ఏ వైరైతేంది?"

జేబుకు ఎక్కువ చిల్లు పెట్టేది ఈ అపోహే. వోల్టులు తగ్గితే అదే పనికి ఆంపియర్లు పెరుగుతాయి. వైరు లావు చూడాల్సింది ఆంపియర్లను బట్టి. 600 వాట్ల లోడుకు 12 వోల్టుల్లో 50 ఆంపియర్లు కావాలి, 24లో 25 చాలు.

నర్సంపేట వైపు ఒక అన్న బ్యాటరీని మోటారు గదిలో పెట్టి, 25 మీటర్ల దూరంలోని షెడ్డుకు ఇంట్లో మిగిలిన 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగాడు. 12 వోల్టుల ఫ్రిజ్ ఆన్ అవ్వడం, ఆగిపోవడం. బ్యాటరీ పోయిందని ఎవరో చెబితే కొత్తది కొన్నాడు. మళ్లీ అదే కథ. నేను వెళ్లి వోల్టులు చూసే మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12 పైనే ఉంది, ఫ్రిజ్ దగ్గర తొమ్మిది కూడా లేదు. పోను రాను 50 మీటర్ల వైరు, 6 ఆంపియర్లు లాగితే దారిలోనే మూడున్నర వోల్టులు పోతాయి. అదే లోడు 24లో అయితే రెండు వోల్టుల లోపే పోతుంది, అదీ 24లోంచి. ఆయనకు కొత్త సామానేమీ అమ్మలేదు. బ్యాటరీని, ప్యానెల్‌ను షెడ్డు దగ్గరికి మార్చానంతే.

నా లెక్క ఇది: రెండు బల్బులు, తక్కువ కరెంటుతో నడిచే ఒక బీఎల్‌డీసీ ఫ్యాను, ఫోన్ చార్జింగ్, అన్నీ పది అడుగుల్లోనే ఉంటే 12 హాయిగా సరిపోతుంది. ఫ్రిజ్ పెట్టాలన్నా, దూరం పెరిగినా 24. మిక్సీ, మోటారు అంటే 48కి వెళ్లండి.

"షాకు కొట్టదు కదా" అంటారు. నిజమే, పొడి చేతికి కొట్టదు. కానీ కాలుస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో నా స్పానర్ బ్యాటరీ రెండు టెర్మినళ్లకూ తగిలి అక్కడే అతుక్కుపోయింది. అప్పటినుంచి ఉంగరం తీయకుండా బ్యాటరీ ముట్టను. ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరంలో ఫ్యూజు ఉండాల్సిందే. ఇంటి కరెంటుకు, అంటే ఏసీకి, వాడే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్చు) అక్కడ పనికిరాదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్చు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వ తెగుతుంది, బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటులో అంత తేలిగ్గా తెగదు. డీసీది అని రాసి ఉన్నదే కొనండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్రాక్టరు బ్యాటరీ స్టార్టింగ్ కోసం చేసింది, రోజూ ఖాళీ చేస్తే త్వరగా చచ్చిపోతుంది. సోలార్‌కు పెట్టే ట్యూబులర్ బ్యాటరీ మీద 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, అది దాచుకునే కరెంటు కొలత) అని ఉంటే మొత్తం వాడుకోవచ్చని కాదు, సగమే అనుకోండి. ఎండ ముదిరితే ప్యానెల్ ఎక్కువ ఇస్తుందనేది కూడా తప్పే. వెలుతురు కావాలి గానీ వేడి కాదు. మన మే నెల మంటకు దిగుబడి కొంత తగ్గుతుంది. ముసురు పట్టిన రోజున అసలే రాదని భయపడకండి, తక్కువగా వస్తుంది.

డబ్బు వృథా అయిందేమోనని టెన్షన్ పడుతున్నవాళ్లు కొత్తది కొనే ముందు ఒక్క పని చేయండి. లోడు నడుస్తుండగా బ్యాటరీ దగ్గరొకసారి, షెడ్డులో ఒకసారి మీటరు పెట్టించండి. నర్సంపేట అన్న బాగున్న పాత బ్యాటరీని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడు. ఆ మాట ఎత్తితే ఇప్పటికీ మిర్చి రేటు గురించి మాట్లాడతాడు.