పెద్దనాయన పాత చీటీలు

2010 ప్రాంతంలో కర్నూలులో కరెంటు పోయిందంటే మా ఇంట్లో అందరి చూపూ ఫ్రిజ్ మీదికే పోయేది. పెద్దనాయనకు కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ సోకింది, దానికి వేసే ఇంటర్‌ఫెరాన్ సూదులు ఆ ఫ్రిజ్‌లోనే ఉండేవి. వాటిని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వారానికొక సూది, రోజూ రిబవిరిన్ మాత్రలు. సూది పడిన రాత్రి రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగేది కాదు. 48 వారాలు ఓర్చుకున్నాడు. అప్పుడు రక్తంలో వైరస్ కనబడలేదు. ఆరు నెలలకు మళ్లీ కనబడింది.

"నా ఒంట్లోనే ఏందో లోపముందిలేరా" అన్నాడు.

లోపం ఆయనది కాదు. ఇంటర్‌ఫెరాన్ హెపటైటిస్ సి వైరస్‌ను నేరుగా కొట్టే మందు కాదు. ఒంటి రక్షణను ఉసిగొల్పుతుంది, అంతే. ఈ వైరస్ రకాల్లో ఒకటైన జీనోటైప్ 1 ఉన్నవాళ్లలో సుమారు సగం మందికే పని చేసింది. మిగిలినవాళ్లకు అదే మందును 72 వారాలిచ్చినా చాలామందికి ఫలితం రాలేదు.

2013 చివర్లో అమెరికాలో అనుమతి పొందిన సోఫోస్బువిర్ మాత్ర దారి వేరు. వైరస్ తన జన్యు పదార్థమైన ఆర్ఎన్ఏ అనే పూసల దండకు నకలు తీసుకునేటప్పుడు, ఈ మందు అసలు పూసలా నటించి దండలో చేరుతుంది. ఆపైన ఇంకో పూస ఎక్కదు. ఇంటర్‌ఫెరాన్‌కు లొంగని వైరస్ దీనికి లొంగుతుంది, ఎందుకంటే పాత వైద్యం దానికి ఈ మందును తట్టుకోవడం నేర్పలేదు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఇప్పుడీ మాత్రలు ఉచితం. పెద్దనాయన సోఫోస్బువిర్, దానికి తోడుగా డక్లాటాస్విర్ అనే ఇంకో మాత్ర 12 వారాలు మింగాడు. ఆపిన 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ లేదు.

ఈ మాత్రలు కూడా కొద్దిమందికి పని చేయవు. అక్కడ లెక్క మారుతుంది. నకలులో పడే తప్పులను ఈ వైరస్ దిద్దుకోదు. వైరస్‌కున్న ఎన్ఎస్5ఏ అనే ప్రొటీన్‌లో 93వ చోట ఒక్క అమైనో ఆమ్లం మారితే చాలు, డక్లాటాస్విర్ పట్టు సడలుతుంది. ఆ మార్పు ఏళ్ల తరబడి ఉండిపోతుంది. అందుకే అదే జతను మళ్లీ ఇవ్వరు. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ మందులకు వోక్సిలప్రెవిర్ అనే మూడో మందు కలిపి 12 వారాలు ఇచ్చిన పరీక్షల్లో 100కి 96 మందికి నయమైంది. పొట్టలో నీరు చేరేంతగా కాలేయం దెబ్బతిన్నవాళ్లకు ఆ మూడోది పనికిరాదు. మొదటి రెంటికి రిబవిరిన్ చేర్చి 24 వారాలివ్వడం ఇంకో మార్గం. రిబవిరిన్ హిమోగ్లోబిన్ తగ్గిస్తుంది, రక్తపరీక్షలు తప్పవు.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినేముందు గ్యాస్ మాత్ర వేసుకోవడం చాలామందికి అలవాటు. వెల్పటాస్విర్ కరగాలంటే పొట్టలో ఆమ్లం ఉండాలి. గ్యాస్ మాత్ర దాన్నే తగ్గిస్తుంది. డాక్టరు అడగకపోయినా ఆ సంగతి మీరే చెప్పండి. పాత చీటీలు కూడా తీసుకెళ్లండి. ఏ మందు, ఎన్ని వారాలు, మధ్యలో ఆపారా అన్నదాన్ని బట్టే రెండో వైద్యం నిర్ణయిస్తారు.

ఆ మధ్య పెద్దనాయన కంటిపొర ఆపరేషన్‌కు పోతే, హెపటైటిస్ సి పాజిటివ్ అని వెనక్కి పంపారు. వాళ్లు చూసింది వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. వైరస్ పోయినా అవి రక్తంలో ఉండిపోతాయి. ఆర్ఎన్ఏ పరీక్ష కాగితం పట్టుకుపోయి చూపించాక, మరుసటి వారం ఆపరేషన్ చేశారు.